ఊపిరి తీసిన పాట

(‘ఒంటి బ్యాండు’ సీరియల్ – పదకొండో భాగం)

పోయిన వారం భాగంలో, బందరు కల్యాణ మండపంలో పెట్టిన కచేరీలో పాట సగంలో ఆగింది. కరెంటు పోలేదు. వైరు పీకేశారు. పీకిన మనిషి పగవాడు కూడా కాదు. హెప్సిబాకి క్లారినెట్ పట్టుకోవడం నేర్పిన సొంత మేనమామ డేనియల్.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కలు చాలు. హెప్సిబా గుడివాడ పిల్ల. ఒక్కతే ఊదుతుంది. పక్కన డోలు లేదు, వయొలిన్ లేదు. ఒక మైకు, ఒక లాప్‌టాప్, కాలి కింద తొక్కడానికి ఒక మీట. ఒక వరస ఊది మీట తొక్కితే ఆ వరస ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. దాని మీద ఇంకోటి ఊదుతుంది. దాని మీద మరోటి. పామర్రు కూడలిలో బస్సు హారన్లు, నాగాయలంక రేవులో పడవ ఇంజన్లు, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలు, ఊరూరా తిరిగి పట్టుకొచ్చిన చప్పుళ్ళన్నీ ఆ లాప్‌టాప్‌లో ఉంటాయి. బ్యాండువాళ్ళు దాన్ని ‘పెట్టె’ అంటారు. ఆమెకో పట్టుదల ఉంది. పెట్టెలోంచి వచ్చే ప్రతి చప్పుడూ ఎవరిదో పేరు పెట్టి చెప్పాకే వాయిస్తుంది. బందరులోనూ మైకులో చెప్పింది, ‘ఇది మా మావయ్య, పామర్రు సీయోను బ్యాండు మేస్టారు డేనియల్ గారి క్లారినెట్’ అని. జనం చప్పట్లు కొట్టారు. పాట మొదలైంది. ఆ డేనియల్ గారే జనంలోంచి లేచి, స్టేజీ ఎక్కి, ప్లగ్గు లాగేసి, ఒక్క ముక్క మాట్లాడకుండా మెట్లు దిగిపోయాడు.

ఎందుకు?

తెల్లారగానే హెప్సిబా గుడివాడలో పామర్రు బస్సెక్కింది. సీటు దొరికినా కూర్చోలేదు. బ్యాగు గుండెకి కరుచుకుని తలుపు దగ్గరే నిలబడింది. కండక్టరు ‘లోపలికి జరగమ్మా’ అంటే జరిగింది, మళ్ళీ తలుపు దగ్గరికే వచ్చింది. మృగశిర కార్తె వచ్చినా చినుకు లేదు. నీళ్ళు లేక దమ్ము పట్టని చేలు రోడ్డుకి రెండు పక్కలా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మెడ మీద చెమట పట్టేది, తుడుచుకునేది, మళ్ళీ పట్టేది.

ఆదివారం సాయంత్రం ఆమె నాగాయలంక రేవులో వాయించాలి. వేట నిషేధం అయిపోయి పడవలు మళ్ళీ సముద్రంలోకి దిగే ముందు జాలర్లు పెట్టుకున్న సభ అది. పిలిచింది గోపి. చేపలమ్మే అచ్చమ్మ కొడుకు, మైకు సెట్లు అద్దెకిచ్చేవాడు. అక్కడ వాయించాల్సిందీ బందరులో ఆగిన ఈ పాటే. ఇందులోంచి డేనియల్ క్లారినెట్ తీసేస్తే మిగిలేవి హారన్లు, ఇంజన్లు. వాటితో సభ నడవదు.

సీయోను బ్యాండు గది పంక్చర్ల షాపుకీ ఎరువుల కొట్టుకీ మధ్య ఉంటుంది. లోపల మేకులకి ఎర్రకోట్లు వేలాడుతున్నాయి. బంగారు జరీ రంగు వెలిసి ఇత్తడి రంగుకి వచ్చింది. పెళ్ళి ఊరేగింపుల్లో పెళ్ళికొడుకు కన్నా ముందు నడిచిన కోట్లు అవి. భోజనాల దగ్గర మాత్రం వాటిని వేసుకున్న మనుషుల్ని అందరూ లేచాకే పిలిచేవాళ్ళు. ఇప్పుడా పిలుపూ తగ్గింది. లారీ మీద స్పీకర్లు పేర్చుకుని డీజేలు వచ్చేశాయి.

గుమ్మంలో ఆమెను చూసి రెండో క్లారినెట్ చిన్నబాబు చేతులు జోడించాడు.

“దయచేయండి దయచేయండి. డీజే గారు వచ్చారండోయ్!”

“నేను డీజేని కాదు చిన్నబాబన్నా.”

“ఇంకేంటమ్మా? డీజేవాడు మన నోటికాడ కూడు లాక్కుపోయాడు, సరే. వాడు పరాయోడు. నువ్వు ఏకంగా మేస్టార్నే లాక్కుపోయావు.”

బిగ్ డ్రమ్ము వాయించే వెంకటపతి పెద్దాయన. తువ్వాలు భుజమ్మీద సర్దుకుంటూ అన్నాడు:

“ఏమాటకామాటే చెప్పుకోవాలి. మనిషి బతికుండగానే పెట్టెలో పెట్టేసింది, ఎంత పనిమంతురాలు!”

గదంతా పగలబడి నవ్వింది. ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న డేనియల్ ఒక్కడే నవ్వలేదు. ఒళ్ళో క్లారినెట్ పెట్టుకుని గుడ్డతో తుడుస్తున్నాడు. అది అద్దంలా ఉంది. అయినా తుడుస్తున్నాడు.

“మావయ్యా, ఎందుకు పీకావు?”

“తుడిచెయ్.”

“ఏంటి తుడిచేది?”

“ఆ పెట్టెలో ఉన్న నాదంతా. ఇక్కడే, ఇప్పుడే, వీళ్ళందరి ముందూ తుడిచెయ్.”

“అది తుడిస్తే నాకు పాటే లేదు.”

“ఇంకో పాట కట్టుకో.”

“ఆదివారానికా? నిన్ను అడిగే పట్టుకున్నాను మావయ్యా. దొంగతనంగా పట్టలేదు.”

“నేర్చుకోడానికన్నావు.”

“నేర్చుకున్నాను కదా!”

చిన్నబాబు ‘అబ్బో’ అన్నాడు. డేనియల్ గుడ్డ పక్కన పడేశాడు. మొహం ఎర్రబడింది గానీ గొంతు పెంచలేదు. ఈ మధ్య ఆయన గొంతు పెంచడమే మానేశాడు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

“సరే. నేర్చుకున్నదానివి చెప్పు. నిన్న బందర్లో వినిపించావే సాగనంపు వరస, అందులో నా ఊపిరి ఏదీ?”

సాగనంపు వరసకి మాటల్లేవు. డేనియల్ తండ్రి కట్టాడో, అంతకు ముందే ఉందో ఎవరికీ తెలియదు. ఇంటి ముందు ప్రార్థన అయిపోయి శవపేటికని భుజాలకెత్తాక, సమాధుల తోట దాకా సీయోను బ్యాండు వాయించేది అదొక్కటే. నాలుగు పొడుగు పాదాలు. పాదం చివర క్లారినెట్ ఆగుతుంది. డేనియల్ గట్టిగా ఊపిరి లాగుతాడు. ఆ లాగుడు మీద వెంకటపతి డ్రమ్ము ఒక్క దెబ్బ పడుతుంది. ఆ దెబ్బకి మోసేవాళ్ళు భుజం మార్చుకుంటారు. ‘మార్చండి’ అని ఎవరూ అరవరు. అడుగు తప్పదు, పేటిక ఒరగదు. చూసేవాళ్ళకి అది పాటలో భాగంలా ఉంటుంది.

హెప్సిబా మామూలుగా చెప్పింది. రికార్డింగ్ చేసేవాళ్ళు రోజుకి పదిసార్లు అనుకునే మాట.

“పాట శుభ్రంగా తిరగాలి కదా. అందుకని నీ ఊపిరి తీసేశాను మావయ్యా.”

ఆ మాట గదిలో పడ్డాక గానీ ఆమె చెవికే ఎక్కలేదు. ట్రంపెట్ కుర్రాళ్ళు తలెత్తారు. వెంకటపతి నవ్వబోయి ఆపుకున్నాడు. గుమ్మంలో గిన్నె కిందపడ్డ చప్పుడైంది. డేనియల్ భార్య దయామణి ఉప్మా పట్టుకొచ్చింది. గిన్నె ఆమె కాళ్ళ దగ్గర ఉంది, మూత దొర్లుకుంటూ రోడ్డు దాకా పోయింది.

“నోరు పడిపోను! పొద్దున్నే ఏం కూతలే అవి? ఎవరి ఊపిరే నువ్వు తీసేది?”

“అత్తయ్యా, రికార్డింగ్ మాట అది. ఊపిరి లాగే చప్పుడు కత్తిరించానని...”

“ఏ మాటైనా సరే! ఇంకోసారి ఆ మాట వినపడిందంటే చెంప పగులుద్ది.”

దయామణి అలా మాట్లాడే మనిషి కాదు. బస్సులో సీటు కోసం కూడా గొడవపడదు. ఇంత చిన్న మాటకి గిన్నె జారవిడవడమేంటో హెప్సిబాకి అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక డేనియల్ ఇవ్వలేదు.

“ఊపిరి తీసేస్తే మోసేవాళ్ళు భుజం ఎక్కడ మార్చుకుంటారే?”

“ఎవరు మోస్తున్నారు మావయ్యా ఇప్పుడు? అందరూ బండి మీదే పోతున్నారు. పోయిన నెల గుడివాడలో మీరే వాయించారు, బండి వెనకాల నడుచుకుంటూ. డ్రైవరు భుజం మార్చుకున్నాడా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. వెంకటపతి కళ్ళురిమాడు.

“వెటకారాలొద్దమ్మాయ్. ఆ వరస మాది.”

“నాది కాదా బాబాయ్?” హెప్సిబా అటు తిరిగింది. “నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఈయనే నా వేళ్ళు పట్టుకుని ఈ వరస నేర్పాడు. ఊదడం వచ్చాక నాకూ ఒక కోటు ఇమ్మన్నాను. గుర్తుందా? ఇదిగో, ఈ గదిలోనే అడిగాను. ఏమన్నారు మీరందరూ? ఆడపిల్ల రోడ్డు మీద ఊదుకుంటూ నడిస్తే జనం చూసేది క్లారినెట్‌ని కాదన్నారు. ఒకళ్ళు కాదు, అందరూ అన్నారు. నవ్వుకుంటూ అన్నారు.”

కోట్లు మేకుల మీద కదులుతున్నాయి, ఫ్యాను గాలికి.

“నాకో కోటిచ్చి ఉంటే నాకీ పెట్టెతో పనేంటి? పక్కన నిలబడనివ్వలేదు. అందుకే మిమ్మల్నందర్నీ ఇందులో పెట్టుకుని ఒక్కదాన్నే నిలబడ్డాను. ఇప్పుడు అదీ తుడిచెయ్యమంటున్నారు. ఊరుకుంటానా?”

చిన్నబాబు క్లారినెట్ మూతికి బిగించే రెల్లుముక్క, రీడు, నోట్లో పెట్టుకుని నానబెడుతున్నట్టు నటించాడు. వెంకటపతి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆయనే అందుకున్నాడు:

“డేనియలూ, పిల్ల కడుపు మండి మాట్లాడుతోంది. మండే పనే చేశాం మనం. దీనికింత రాద్ధాంతం ఎందుకు? పెట్టె తెచ్చుకుంది కదా, మళ్ళీ పట్టమను. ఊపిరితో సహా పట్టమను. నా డ్రమ్ము కూడా పట్టమను. ఆ పాతది తుడిచేసి ఇది పెట్టుకుంటుంది. ఏమంటావమ్మాయ్?”

హెప్సిబా వెంటనే బ్యాగు జిప్పు లాగింది. “నాకు సమ్మతమే బాబాయ్. ఇప్పుడే పడతాను.”

“ఇప్పుడు కాదు,” అన్నాడు డేనియల్.

“ఏం?”

“రీడు బాగోలేదు.”

“నా రీడు తీసుకోండి మేస్టారూ, కొత్తది,” అని చిన్నబాబు జేబులోంచి తీసి ఇచ్చాడు.

“పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు ఆయన,” అంది దయామణి.

“ఉప్మా నేలపాలు చేసింది నువ్వే కదమ్మా!” అన్నాడు వెంకటపతి. మళ్ళీ నవ్వులు. “లేవయ్యా మేస్టారూ. నలుగురికీ వాయించి పెట్టే మనిషివి, సొంత మేనకోడలి దగ్గర బెట్టా?”

డేనియల్ లేచాడు. లేవడానికి కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. మేకు మీది కోటు తీసి తొడుక్కున్నాడు. టోపీ పెట్టుకున్నాడు. గదిలో వాయించడానికి కోటెందుకని ఎవరూ అడగలేదు. అదీ ఆయన పద్ధతే అనుకున్నారు.

హెప్సిబా లాప్‌టాప్ తెరిచింది, వైర్లు తగిలించింది, చిన్న స్పీకరు కిటికీలో పెట్టింది. బఠాణీ గింజంత మైకు ఒకటి డేనియల్ క్లారినెట్ చివర క్లిప్పుతో బిగించింది. బిగిస్తుంటే ఆయన ఆమె మొహంలోకి చూడలేదు. పైన గోడ మీద కాలెండరులో ఏసుప్రభువు వంక చూస్తున్నాడు. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని వేలెత్తింది.

మొదటి పాదం మొదలైంది. గది నిండిపోయింది. ట్రంపెట్లు, డ్రమ్ము, చిన్నబాబు క్లారినెట్, మేస్టారి క్లారినెట్. రోడ్డు మీద పోయే సైకిలాయన దిగి నిలబడ్డాడు. మేస్టారి బుగ్గలు ఉబ్బాయి. వేళ్ళు ఎక్కడ పడాలో అక్కడ పడుతున్నాయి, నూనె రాసినట్టు.

హెడ్‌ఫోన్లలో మాత్రం వేరే వినపడుతోంది.

ముందు వైరు లూజు అనుకుంది. నొక్కి చూసింది. బిగువుగానే ఉంది. మైకు పనిచెయ్యట్లేదేమో అనుకుంది. పనిచేస్తోంది. క్లారినెట్ మీటలు పడుతున్న టకటక స్పష్టంగా వస్తోంది. దాని వెనక ఇంకో చప్పుడు, సైకిలు ట్యూబులోంచి గాలి సన్నగా కారుతున్నట్టు. స్వరం లేదు. మిగతా వాయిద్యాలన్నీ దూరంగా, గోడ అవతల నుంచి వస్తున్నట్టు ఉన్నాయి. మైకు బిగించి ఉన్న క్లారినెట్ మాత్రం పలకడం లేదు.

చిన్నబాబు ఊదుతున్నాడు. మేస్టారు ఊదట్లేదు.

పాదం చివర వచ్చింది. అప్పుడు వినపడింది ఊపిరి. ముక్కలు ముక్కలుగా, బావి రాళ్ళకి కొట్టుకుంటూ చేద పైకి వచ్చినట్టు. హెప్సిబా చెయ్యి దానంతటదే హెడ్‌ఫోన్ల మీదికి పోయింది. డ్రమ్ము దెబ్బ పడింది. రెండో పాదం. మళ్ళీ టకటక. మళ్ళీ గాలి కారడం. మళ్ళీ ఆ ఊపిరి.

అప్పట్లో ఆమె ఊపిరి తీసేసి పాట ఉంచుకుంది. ఇప్పుడు పాట లేదు. ఊపిరే ఉంది.

తలెత్తి చూసింది. గుమ్మంలో దయామణి చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. తల అడ్డంగా ఆడించింది. అందరూ కళ్ళు మూసుకుని వాయిస్తున్నారు. కళ్ళు తెరిచి ఉన్నది ముగ్గురు. ఆమె, దయామణి, డేనియల్. డేనియల్ ఇప్పుడు సూటిగా ఆమెనే చూస్తున్నాడు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. కళ్ళల్లో కోపం లేదు. బతిమాలడమూ లేదు. దొరికిపోయిన మనిషి చూపు అది.

నాలుగో పాదం అయిపోయింది. కుర్రాళ్ళు ఈలలు వేశారు.

“అదిరింది మేస్టారూ!” అన్నాడు చిన్నబాబు. “ఏం తల్లీ, ఇప్పుడు చెప్పు. ఊపిరి పడిందా, లేదా? ఏదీ, వినిపించు.”

“వినిపించమ్మాయ్,” అన్నాడు వెంకటపతి.

“లోడవుతోంది బాబాయ్. కొంచెం ఆగండి.”

ఏదీ లోడవడం లేదు. ఉన్నది ఉన్నట్టు వినిపిస్తే ఈ గది ఈ పూటతో మూతబడుతుంది. వైరు పాడైందంటే మళ్ళీ వాయించమంటారు. మళ్ళీ ఆ ఊపిరి లాగాలి ఆయన. ఆమె తల వంచుకుని పని మొదలుపెట్టింది. పాత రికార్డింగ్ తెరిచింది, ఊపిరి కత్తిరించి అతికించిన చోట్లన్నీ విప్పింది. ప్రతి పాదం చివరా ఇప్పుడే పట్టిన ఊపిరి తెచ్చి పెట్టింది. తాళం కాస్త సాగదీసింది. కింద వెంకటపతి డ్రమ్ము వేసింది. అప్పటి పాట, ఇప్పటి ఊపిరి. తొందరలో చేసిన పని. ఎవరి పేరూ చెప్పకుండా, అసలేమీ చెప్పకుండా, ఆ రోజు మొదటిసారి మీట నొక్కింది.

కిటికీలోని స్పీకరులోంచి డేనియల్ క్లారినెట్ వచ్చింది.

నిన్న బందర్లో వినిపించిన పాటే. కానీ అది కాదు. పాదం చివర ఆ చిరిగిన ఊపిరి వచ్చేసరికి గదిలో ఉన్న ప్రతివాడి భుజమూ కొద్దిగా కదిలింది, బరువు ఉన్నట్టు. హెప్సిబాది కూడా. తన పాటలో ఇన్నాళ్ళూ ఏం తక్కువైందో ఆమెకి అప్పుడు తెలిసింది. అదీ అబద్ధం ఆడుతున్నప్పుడు తెలిసింది.

వెంకటపతి తువ్వాలు కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. “మీ నాన్న ఊదినట్టే ఉందయ్యా డేనియలూ. చచ్చి ఏ లోకాన ఉన్నాడో.”

డేనియల్ నోరు కొంచెం తెరిచి వింటున్నాడు. తన క్లారినెట్ తన చేతుల్లోనే ఉన్న సంగతి కూడా గుర్తున్నట్టు లేదు.

చిన్నబాబుకి పూనకం వచ్చింది. “ఇంకెందుకు పెట్టె? ఆదివారం నాగాయలంకలో మేస్టారే ఎక్కాలి స్టేజీ. ఒక్కరే! పెట్టె లేకుండా, బ్యాండు లేకుండా. ఒక పక్క హెప్సీ, ఒక పక్క మేస్టారు. ఎవరు గట్టోళ్ళో జనమే తేలుస్తారు.”

“వద్దు,” అంది హెప్సిబా. మాట గొంతు దాటకముందే కుర్రాళ్ళ కేకల్లో కలిసిపోయింది. చిన్నబాబు అప్పటికే గోపికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు.

“మేస్టారు గారే వస్తానంటే అంతకన్నానా అండీ!” గోపి గొంతు వెనకాల రేవులో ఎవరో పడవకి సుత్తి దెబ్బలు వేస్తున్నారు. “మా నాన్నని సాగనంపింది ఆయన పాటతోనే కదండీ. మా అమ్మకి చెప్తే ముందు వరసలో చాప పరుచుకుని కూచుంటది. మేస్టారూ, మాటే కదండీ?”

అందరూ డేనియల్ వంక చూశారు. కాదనడానికి ఆయన దగ్గర ఒకే ఒక్క కారణం ఉంది. అది చెప్పే కారణం కాదు.

“మాటే,” అన్నాడు డేనియల్.

టీ తాగడానికి అందరూ బయటికి పోయాక గదిలో ముగ్గురు మిగిలారు. దయామణి తలుపు దగ్గరగా వేసింది. డేనియల్ కుర్చీలో కూలబడ్డాడు. కోటు గుండీలు విప్పుకోవడానికి కూడా ఓపిక లేదు. దయామణే విప్పింది.

“ఎప్పట్నుంచి అత్తయ్యా?”

“క్రిస్మస్ నుంచి. విజయవాడ తీసుకెళ్ళాం. ఊపిరితిత్తులు గట్టిపడిపోయినయ్యంట. ఊదితే లోపల చిట్లుద్దన్నాడు డాక్టరు. ఈయన వినలేదు. ఈస్టర్ నాడు ఊదాడు. చిట్లింది. ఆ తెల్లచొక్కా ఎవరి కంటా పడకుండా పొయ్యిలో పెట్టాను.”

“చిన్నబాబన్న పక్కనే నిలబడతాడు. అతనికి తెలీదా?”

“వాడికేం తెలుస్తుందే,” అన్నాడు డేనియల్. నవ్వబోతే దగ్గు వచ్చింది. రుమాలు అడ్డం పెట్టుకుని, దాన్ని చూడకుండానే జేబులో కుక్కేశాడు. “వాడు ఊదేటప్పుడు వాడి చెవుల్లో వాడే ఉంటాడు.”

“నిన్న వైరెందుకు పీకావు మావయ్యా? ఇందుకా?”

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“స్టేజీ మీద, ఆ పెట్టెలో నేను ఊదుతూనే ఉన్నాను. ఆగకుండా. ఊపిరి తీసుకోకుండా. కింద కుర్చీలో కూర్చుని దగ్గు ఆపుకుంటున్నాను. పక్కన కూర్చున్నాయన నన్నే అడిగాడు, ‘ఎవరండీ ఈ డేనియల్, మనిషేనా, ఊపిరే తీసుకోడు’ అని. ఇంక కాళ్ళు ఆగలేదు. ఏం పీకానో నాకు తెలీదు.”

బయట చిన్నబాబు ఎవరికో కథ చెబుతున్నాడు, నవ్వులు వినపడుతున్నాయి. హెప్సిబా వైర్లు చుట్టడం మొదలుపెట్టింది. చుట్టింది విప్పింది. మళ్ళీ చుట్టింది.

“హెప్సీ,” అన్నాడు డేనియల్. “ఇందాక చేశావే, అదే ఆదివారం కూడా చెయ్యి. నేను పైన నిలబడతాను, వేళ్ళు ఆడిస్తాను. నువ్వు కింద మైకు సెట్టు దగ్గర కూర్చుని నొక్కు.”

ఆమె చేతిలో వైరు ఆగింది.

“నేను చెయ్యను.”

“ఇప్పుడు చేశావు కదే.”

“నువ్వు మళ్ళీ ఊదకూడదని చేశాను. మనవాళ్ళ మధ్య, గదిలో. అక్కడ ఊరు ఊరంతా ఉంటుంది. అచ్చమ్మ ఉంటుంది. మొగుణ్ణి నీ పాటతో సాగనంపుకున్న మనిషి ముందు దొంగ పాట పెట్టనా? ఇది ముందు పట్టింది, ఇది ఇప్పుడు ఊదుతున్నది అని చెప్పకుండా ఒక్క ముక్క వాయించలేదు నేనింతవరకూ. ఆ ఒక్కటీ పోతే చిన్నబాబన్న అన్నట్టు డీజేనే నేను. అంతకన్నా కనాకష్టం.”

“నీ నీతులు ఏట్లో కలవనీ!” దయామణి ఆమె ముందుకి వచ్చింది. గొంతు పైకి రానివ్వకుండా అరుస్తోంది. “ఒక అబద్ధం ఆడినదానివి రెండోది ఆడలేవా? నాకు మనిషి మిగలాలే. నీ పాట కాదు.”

“నిజం చెప్పేద్దాం అత్తయ్యా! చిన్నబాబన్న ముందు నిలబడతాడు. నేను నిలబడతాను పక్కన, కోటేసుకుని. ఇప్పటికైనా నిలబడనివ్వండి.”

“శ్రావణం వస్తోంది,” అన్నాడు డేనియల్. “మేస్టారు ఊదలేడని ఒక్కడికి తెలిసినా ఒక్క పెళ్ళి మన గుమ్మం తొక్కదు. నీ కోటు సంగతి తర్వాత. వెంకటపతి ఈ వయసులో డ్రమ్ము పుల్ల తప్ప ఏం పట్టుకోగలడు? చెప్పు.”

“అయితే నువ్వు స్టేజీ ఎక్కకు. జొరమని చెప్పు. ఇంకేదైనా చెప్పు.”

“మాటిచ్చాను.”

“మావయ్యా...”

“ఎక్కుతాను.” ఆయన లేచి నిలబడ్డాడు. ఈసారి కుర్చీ పట్టుకోలేదు. గుండీలు తనే పెట్టుకున్నాడు, కింద నుంచి పైకి. “నువ్వు నొక్కితే వేళ్ళు ఆడిస్తాను. నొక్కకపోతే ఊదుతాను.”

“ఊదితే ఏమవుద్దో తెలుసా నీకు!” దయామణి ఆయన చెయ్యి పట్టుకుంది.

“నాలుగు పాదాలే కదా. అంతవరకూ వస్తుందిలే.”

చెయ్యి విడిపించుకున్నాడు. టోపీ పెట్టుకున్నాడు. తలుపు తీసి వెలుగులోకి వెళ్ళాడు. బయట గోలగోలగా అరిచారు, ఎవరో ‘మేస్టారికి స్పెషల్ టీ!’ అన్నారు. డేనియల్ నవ్వు కూడా వినిపించింది. దగ్గులేని నవ్వు. దానికోసం ఎంత బిగబట్టాడో గదిలో ఉన్న ఇద్దరికే తెలుసు.

దయామణి ఇప్పుడు హెప్సిబా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగుతున్నాయి. వదలడం లేదు.

గుమ్మంలో చిన్నబాబు తల కనిపించింది. చేతిలో ఫోను, చంకలో క్లారినెట్.

“హెప్సీ! గోపి లైన్లో ఉన్నాడు. బోర్డు రాయించాలంట, పెయింటరు ఎదురుగా ఉన్నాడంట. త్వరగా చెప్పు, ఆదివారం ముందు ఎవరు? మేస్టారా, నువ్వా?”